విడాకుల సమన్లు వచ్చాక పాత స్టేటస్‌లు, రీల్స్ డిలీట్ చేసేయాలా?

డిలీట్ చేయకండి. ఈ రాత్రికి ఒక్క ముక్క చదివే ఓపికే ఉంటే ఇది చదివి పడుకోండి, మిగతాది రేపు తీరిగ్గా చదువుకోవచ్చు.

మీరు చాలా రాశారు కాబట్టి నాకు అర్థమైనది ముందు చెప్తాను, తప్పుంటే దిద్దండి. పెళ్ళయి ఆరేళ్ళు, నాలుగేళ్ళ బాబు. ఏడాదిగా మీరు విజయవాడలో పుట్టింట్లో ఉంటున్నారు, ఆయనది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోయిన వారం ఫ్యామిలీ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి, మీరు మానసికంగా హింసించారని ఆయన విడాకులకు ఓపీ, అంటే పిటిషన్, వేశారు. గొడవలు ముదిరిన రోజుల్లో మీరు అత్తగారిని దెప్పుతూ మూడు వాట్సాప్ స్టేటస్‌లు పెట్టారు, ఇన్‌స్టాలో ఒక రీల్ కూడా చేశారు. మీ తమ్ముడు ఊరుకోలేక ఆయన లింక్డిన్ పోస్టు కింద కామెంట్ రాశాడు. బాబు బొమ్మలు చూసుకునే పాత ట్యాబ్‌లో ఆయన ఇన్‌స్టా లాగిన్ అలాగే ఉండిపోయింది, అందులో ఎవరో ఒకావిడతో చాట్లు కనబడితే మీ ఫోన్‌తో ఫోటోలు తీసుకున్నారు. ఇప్పుడు మీ బాబాయి గారు "అన్నీ తీసేయ్, అకౌంటే మూసేయ్, సాక్ష్యం లేకపోతే కేసేముంది" అంటున్నారు. వీటివల్ల మెయింటెనెన్స్ పోతుందా, బాబు కస్టడీ పోతుందా అని మీ టెన్షన్. అంతేనా?

ఇరవై ఏళ్ళు దాటింది నేను ఈ కేసులు చేయబట్టి, భర్తల తరఫునా చేశాను, భార్యల తరఫునా చేశాను. ఒకప్పుడు ఫైల్ అంటే పెళ్ళి కార్డు, పెళ్ళి ఫోటో, ఆధార్ జిరాక్సు. ఇప్పుడు వాటితో పాటు రంగుల ప్రింట్లు తీసిన స్క్రీన్‌షాట్ల కట్ట లేకుండా ఎవరూ రావడం లేదు. కింద చెప్పే సంగతుల్లో మనుషులు గుర్తుపట్టలేనంతగా వివరాలు మార్చాను.

బాబాయి గారి సలహా ఎందుకు పనికిరాదంటే, మీరు తీసేసేది మీ ఫోన్‌లో ఉన్న కాపీ ఒక్కటే. ఆ స్టేటస్‌లు ఎలాగూ 24 గంటలకే మాయమైపోయాయి, ఆ రోజు చూసినవాళ్ళ లిస్టులో మీ ఆడబిడ్డ పేరు ఉందో లేదో మీకు ఇప్పుడు గుర్తుండదు, కానీ ఓపీతో పాటు వచ్చిన డాక్యుమెంట్ల లిస్టు ఒకసారి తీసి చూడండి, అవి అందులో ఉండే ఉంటాయి. ఇక మిగిలింది రీల్. అది ఇప్పుడు తీసేస్తే ఆయన దగ్గరున్న కాపీ అలాగే ఉంటుంది, పైగా "సమన్లు అందిన నాలుగో రోజున రీల్ తీసేశారు, నిజమేనా?" అని క్రాస్‌లో, అంటే అవతలి లాయరు మిమ్మల్ని బోనులో ప్రశ్నించేటప్పుడు, ఒక ప్రశ్న అదనంగా వచ్చి చేరుతుంది. సాక్ష్యం తన చేతిలో ఉంచుకుని చూపించని మనిషి గురించి, చూపిస్తే తనకే నష్టం కాబట్టి దాచిందని కోర్టు అనుకోవచ్చు, చట్టంలోనే ఆ వీలుంది. కోర్టుకు చూపించాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును అక్కడికి రాకుండా చేయాలని కావాలని చెరిపేయడం భారతీయ న్యాయ సంహిత 241 సెక్షన్ కింద నేరం కూడా, మూడేళ్ళ వరకు శిక్ష ఉంది. రీల్ కోసం మిమ్మల్ని ఎవరో జైల్లో వేస్తారని భయపెట్టడం లేదు, నా ఇన్నేళ్ళలో అలా జరగడం చూడలేదు. కాకపోతే చిన్న తప్పును పెద్ద తప్పుతో కప్పుకోవడం దేనికని.

ఇంకో సంగతి. మీ పోస్టు తీసేస్తే దాని ముందూ వెనకా కూడా పోతాయి. మీరు ఆ రీల్ ఏ రోజు చేశారు, ఆ ముందు రోజు ఆయన మీకు ఏమని మెసేజ్ పెట్టారు, ఆ రాత్రి ఫోన్‌లో ఏం గొడవైంది, ఇవన్నీ ఉంటేనే మీ లాయరు జడ్జి గారికి ఒక కథగా చెప్పగలరు. అవతలి వాళ్ళు ఆ ఒక్క రీల్‌నే కత్తిరించి తెస్తారు. కాబట్టి మీరు చేయాల్సింది అకౌంట్ ప్రైవేట్‌లో పెట్టుకోవడం, రీల్‌ని ఆర్కైవ్ చేసుకోవడం, మీ ఇద్దరి మధ్య వాట్సాప్ చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి ఒక కాపీ దాచుకోవడం. పబ్లిక్‌గా ఉన్నదాన్ని ప్రైవేట్ చేసుకోవడం తప్పేం కాదు. ఆ తర్వాత కొత్త పోస్టులు ఆపేయండి. పండగకి పట్టుచీర ఫోటో కూడా వద్దు. ఎందుకో చెప్తాను.

స్టేటస్‌లో మూడు దెప్పిపొడుపులు పెట్టినందుకు ఎవరూ విడాకులు ఇచ్చేయరు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో క్రూరత్వం అనే మాటకు కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నది ఏమిటంటే, సంసారంలో మామూలుగా ఉండే చిటపటలు దాని కిందికి రావు, మొత్తం కాపురాన్ని కలిపి చూడాలి. "కొందరికి కోడలంటే జీతం లేని పనిమనిషి" అన్న స్టేటస్ మీద కేసు నిలబడాలంటే దాని చుట్టూ ఇంకా చాలా కావాలి. కేసులు అక్కడ పోవడం నేను పెద్దగా చూడలేదు. ప్రమాణం చేసి అఫిడవిట్‌లో చెప్పిన మాట ఒకటి, ఫేస్‌బుక్‌లో నవ్వుతూ పెట్టిన మాట ఇంకొకటి అయినప్పుడే పోవడం చూశాను. మగవాళ్ళవీ పోయాయి, ఆడవాళ్ళవీ పోయాయి.

ఒకటి చెప్తాను. భార్య తరఫున నేను మెయింటెనెన్స్ కేసు వేశాను. భర్త కౌంటర్‌లో, అంటే రాతపూర్వక జవాబులో, ఉద్యోగం పోయిందన్నాడు, స్నేహితుల దగ్గర అప్పులు చేసి బతుకుతున్నానన్నాడు. క్రాస్‌లో నేను ఒక ఫోటో ఇచ్చాను. కొత్త తెల్ల కారు, బానెట్ మీద బంతిపూల దండ, ముందు టైర్ల కింద నిమ్మకాయలు, పక్కన కొబ్బరిచిప్పలు, తాళం చెవి పట్టుకుని ఈయన. "కారు మా ఫ్రెండ్‌దండీ, ఊరికే ఫోటో దిగాను" అన్నాడు. సరే అని రెండో కాగితం ఇచ్చాను, అదే ఫోటో కింద కామెంట్లు. ఎవరో "పార్టీ ఎప్పుడు బావా" అని అడిగితే ఈయన "ఈఎంఐ మొదలవ్వకముందే ఇచ్చేస్తా, సండే రండి" అని రాశాడు. జడ్జి గారు కాగితం చదివి, కళ్ళజోడు తీసి, ఆయన వైపు ఒక్క క్షణం చూసి మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టారు. కారు ఎవరి పేరున ఉందో తర్వాత ఎలాగూ తేలింది కానీ, ఆ ఒక్క క్షణం తర్వాత ఆయన చెప్పిన ఏ మాటకీ విలువ లేకుండా పోయింది. నిజంగానే ఉన్న అప్పులు కూడా ఎవరూ నమ్మలేదు, అది నాకే కాస్త బాధనిపించింది.

ఇదే దెబ్బ నా క్లయింటుకీ తగిలింది. పోయినేడాది ఒకమ్మాయి "ఏ ఆదాయమూ లేదు" అని అఫిడవిట్ ఇచ్చింది, నేనూ గట్టిగా అడగకుండా సంతకం పెట్టించాను, అది నా తప్పే. అవతలి లాయరు గారు ఆమె ఇన్‌స్టా పేజీ తెచ్చారు. మంగళగిరి చీరలు, ఒక్కోదాని కింద "ప్రైస్ డీఎం చేయండి", "సోల్డ్ అవుట్ అక్కలూ" అని రాసి ఉంది. నెలకు ఆరేడు వేలు కూడా మిగిలేది కాదు ఆమెకు, అది ముందే రాసి ఉంటే మెయింటెనెన్స్ ఏమీ ఆగేది కాదు. దాచడం వల్ల, ఆరు వేలు కాస్తా అరవై వేలేమో అన్న అనుమానం పుట్టింది. 2020 నవంబరులో సుప్రీంకోర్టు మెయింటెనెన్స్ కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాల అఫిడవిట్ ఇవ్వాలని ఆదేశించింది, అందులో అబద్ధం రాస్తే తప్పుడు ప్రమాణం కింద చర్యలుంటాయని కూడా చెప్పింది. ఆ ఫారం మీ చేతికి వచ్చినప్పుడు పక్కన మీ ఫోన్ పెట్టుకుని నింపండి. ట్యూషన్లు, యూట్యూబ్ ఛానల్, బ్లౌజులు కుట్టడం, ఏదున్నా రాయండి. ఆయన ఫారం వచ్చాక ఆయన లింక్డిన్, ఫేస్‌బుక్ పక్కన పెట్టుకుని చదవండి. పట్టుచీర ఫోటో వద్దన్నది ఇందుకే. ఆ చీర మీ అమ్మగారిదని మీకు తెలుసు, కోర్టుకు తెలియదు.

ఇక మీ తమ్ముడు. మీరు రాసిన వాటన్నిటిలో నాకు భయం కలిగించింది ఇదే, మీరేమో ఒక్క లైనులో తేల్చేశారు. స్టేటస్ మీ బంధువుల మధ్య తిరుగుతుంది. లింక్డిన్ కామెంట్‌ని ఆయన మేనేజర్ చూస్తాడు, హెచ్‌ఆర్ చూస్తుంది. 2013లో మన ఆంధ్ర నుంచే వెళ్ళిన ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు, భాగస్వామి ఉద్యోగానికో వ్యాపారానికో దెబ్బ తగిలేలా ఆధారం లేని ఆరోపణలు చేయడం, ఫిర్యాదులు పంపడం, పేపర్లో వేయించడం లాంటివి మానసిక క్రూరత్వం కిందికి రావచ్చని చెప్పింది. 2021లో ఒక ఆర్మీ అధికారి కేసులో భార్య ఆయన పై అధికారులకు వరసగా ఫిర్యాదులు పంపడాన్ని సుప్రీంకోర్టు క్రూరత్వంగానే తీసుకుంది. మీ తమ్ముడు రాసింది మీరు రాసినట్టు కాదని మీ లాయరు వాదించగలరు. కానీ ఆ కామెంట్‌కి మీరు లైక్ కొట్టారా? కొడితే ఆ వాదన అక్కడే సగం కుంటుతుంది. అతను ఏం రాశాడో ముందు స్క్రీన్‌షాట్ తీసి మీ లాయరుకి ఇవ్వండి, దాన్ని తీసేయాలా, ఎలా తీసేయాలి, ఒక మాట రాసి తీసేయాలా అన్నది ఆయనే చెప్తారు. ఇక మీదట మాత్రం మీ వైపు నుంచి బాబాయిలు, పిన్నులు, కజిన్లు ఎవరూ ఎక్కడా రాయకూడదు. కేసు మీది, వాళ్ళు రాసే ప్రతి మాటా మీ ఖాతాలో పడుతుంది.

ట్యాబ్ సంగతి కాస్త నిదానంగా చెప్పాలి.

మన దగ్గర ఫ్యామిలీ కోర్టుకి ఒక ప్రత్యేకమైన వెసులుబాటు ఉంది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ ప్రకారం, మామూలు సాక్ష్య చట్టం కింద చెల్లకపోయినా సరే, వివాదం తేల్చడానికి పనికొస్తుందనుకుంటే జడ్జి గారు ఏ డాక్యుమెంటునైనా, ఏ సమాచారాన్నైనా తీసుకోవచ్చు. దొంగచాటుగా తీసినవి చెల్లవు అని చాలామంది అనుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ఒకప్పుడు, భార్య ఇతరులతో మాట్లాడుకున్న ఫోన్లను భర్త ట్యాప్ చేయడం ఆమె ప్రైవసీని దెబ్బతీయడమే అని గట్టిగా చెప్పింది. కానీ 2025 జులై 14న సుప్రీంకోర్టు, భార్యకు తెలియకుండా భర్త రికార్డ్ చేసిన వాళ్ళిద్దరి సంభాషణలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. భార్యాభర్తల మధ్య మాటలు బయటపెట్టకూడదనే నియమం వాళ్ళిద్దరి మధ్య కేసు నడుస్తున్నప్పుడు అడ్డురాదు, ఆ మినహాయింపు 1872 నాటి చట్టంలోనే ఉంది. అది ఇద్దరి మధ్య సంభాషణ, మీది ఆయనకీ మూడో మనిషికీ మధ్య చాట్, రెండూ ఒకటి కాదు. అయినా ఇంతకుముందు కంటే ఇప్పుడు తలుపు కొంచెం ఎక్కువ తెరుచుకుని ఉంది.

కానీ కోర్టు తీసుకోవడం వేరు, నమ్మడం వేరు. నేను ఇందులో ఒకసారి చేతులు కాల్చుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం, ఒకామె భర్త పంపిన బూతు మెసేజీలు డెబ్బై పేజీలు ప్రింట్లు తీయించి తెచ్చింది. నేను కూడా సంబరపడిపోయి అలాగే వేసేశాను. వాటిని సాక్ష్యంగా మార్క్ చేయబోతుంటే అవతలి వాళ్ళు లేచి "65బి సర్టిఫికెట్ ఏది?" అన్నారు, అంటే ఎలక్ట్రానిక్ రికార్డు కాపీకి పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ అడిగే ధ్రువీకరణ. లేదు. పోనీ ఫోన్ తెప్పిస్తాం, అసలు ఫోనే చూపిస్తాం అన్నాను. బయటికొచ్చి ఆమెను అడిగితే, దసరా ఎక్స్‌చేంజ్ ఆఫర్‌లో పాత ఫోన్ ఇచ్చేసి కొత్తది కొనుక్కున్నానంది, అదీ సంతోషంగా, "మూడు వేలు తగ్గించారు సార్" అని. ఆ డెబ్బై పేజీలూ ఇప్పటికీ నా పాత ఫైళ్ళ బీరువాలో ఉన్నాయి. అప్పట్నుంచి క్లయింటు వచ్చి కూర్చోగానే నా మొదటి మాట, కేసయ్యే వరకు ఫోన్ మార్చొద్దు, రీసెట్ చేయొద్దు, స్క్రీన్ పగిలితే పగిలినట్టే వాడుకోండి అని.

2014లో ఒకసారి, 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో మళ్ళీ గట్టిగా సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అసలు ఫోన్‌నో కంప్యూటర్‌నో దాని సొంతదారే బోనెక్కి చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు, ప్రింటో పెన్‌డ్రైవో ఇస్తే మాత్రం సర్టిఫికెట్ ఉండాల్సిందే. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం బదులు భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, మీ కేసు కొత్తది కాబట్టి 63వ సెక్షన్ వర్తిస్తుంది. ఇందులో సర్టిఫికెట్ రెండు భాగాలు, మొదటిది మీరు ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి. ఫైలుకి వేలిముద్ర లాంటి హ్యాష్ నంబరు కూడా అందులో రాయాలి, ఫైలులో ఒక్క చుక్క మార్చినా ఆ నంబరు మారిపోతుంది. ఫ్యామిలీ కోర్టులో 14వ సెక్షన్ ఉందిగా, ఇవన్నీ ఎందుకు అని కొందరు లాయర్లు వదిలేస్తారు. నేను వదలను. కింద నెగ్గినా పైన హైకోర్టులో అప్పీలుకి వెళ్ళినప్పుడు ఆ బొక్క పట్టుకుంటారు. పైగా ఈ మధ్య ఏ స్క్రీన్‌షాట్ చూపించినా "అది ఏఐతో చేశారండీ" అనడం మామూలైపోయింది.

ఇప్పుడు మీ ట్యాబ్. ఇన్‌స్టా చాట్లు ఆ ట్యాబ్ లోపల ఉండవు, కంపెనీ సర్వర్లో ఉంటాయి, ట్యాబ్ వాటిని చూపించే కిటికీ మాత్రమే. ఆయన తన ఫోన్‌లోంచి పాత డివైస్‌లన్నిటినీ లాగౌట్ చేసిన మరుక్షణం ఆ కిటికీ మూసుకుపోతుంది. మీరు తీసిన ఫోటోల్లో చాట్ ఒక్కటే కనబడుతూ, అది ఎవరి ప్రొఫైల్ అన్నది కనబడకపోతే వాటి బలం తక్కువ. అందుకని రేపే లాయరు దగ్గరికి ట్యాబ్ తీసుకెళ్ళండి. ఆయన సరేనంటే, ఆయన ముందే ఇంకో ఫోన్‌తో ఆపకుండా ఒకే వీడియో తీయించండి. ట్యాబ్ వెనక భాగం, ఆ రోజు తేదీ, మీ భర్త ప్రొఫైల్ పేజీ, అక్కడినుంచి చాట్‌లోకి వెళ్ళడం, పైనుంచి కిందికి స్క్రోల్ చేయడం, అన్నీ అందులో రావాలి. వీడియో తీసిన ఫోన్ కూడా దాచాలి. అంతే, ఆ తర్వాత ఆ ట్యాబ్ ముట్టుకోకండి, బాబుకి బొమ్మలు వేరే దాంట్లో చూపించండి.

రోజూ రాత్రి దాన్ని తెరిచి కొత్త మెసేజ్ వచ్చిందా అని చూడటం, ఆయనలాగా ఆమెకు రిప్లై ఇవ్వడం, పాస్‌వర్డ్ మార్చేయడం, ఈ పనులు పొరపాటున కూడా చేయకండి. లాగిన్ అయి ఉన్న ట్యాబ్‌లో కనబడింది అన్న మాటకి, ఆయన పాస్‌వర్డ్ వాడి చొరబడ్డారు అన్న మాటకి మధ్య గీత చాలా సన్నం. ఆ గీత దాటితే ఐటీ చట్టం 66సి, మూడేళ్ళు, లక్ష జరిమానా అంటూ వాళ్ళు మీ మీద కంప్లైంట్ పట్టుకొస్తారు. కేసు చివరిదాకా నిలబడుతుందో లేదో వేరే సంగతి, స్టేషన్ చుట్టూ తిరిగేది మీరు. అలాగే ఆ స్క్రీన్‌షాట్లు ఆమె భర్తకో, ఆఫీసుకో, మీ ఫ్యామిలీ గ్రూపుకో పంపకండి. ఒకావిడ ఇలాగే తన భర్త చాట్లు వాళ్ళ ఊరి గ్రూపులో పెట్టింది, రెండు వందలకు పైగా మంది ఉన్న గ్రూపు. అప్పటివరకు కేసు పూర్తిగా ఆమె వైపే ఉంది. ఆ మర్నాటి నుంచి బాధితురాలి కుర్చీలో ఆయన కూర్చున్నాడు.

ఆ చాట్లతో అక్రమ సంబంధం రుజువైపోతుందా అంటే, "మిస్ యూ"లతో, గుండె బొమ్మలతో కాదు. 2018లో అది నేరం కాకుండా పోయింది కానీ విడాకులకు కారణంగా ఇప్పటికీ ఉంది, దానికి కావలసిన రుజువు మాత్రం ఎక్కువ. మీకు అసలు విడాకులు కావాలా వద్దా అన్నది మీరు రాయలేదు. వద్దనుకుంటే ఆ చాట్లు "కాపురం చెడింది నా వల్ల కాదు" అని చూపడానికి పనికొస్తాయి. అందుకు అవి చాలు.

బాబు విషయంలో కోర్టు చూసేది బాబు మంచి ఒక్కటే. నాలుగేళ్ళ పిల్లాడు తల్లి దగ్గర ఉన్నాడు, బాగానే చూసుకుంటున్నారు, మూడు స్టేటస్‌ల కోసం ఎవరూ లాక్కుపోరు. అయితే ఒక్క పని ఉంది, అది చేస్తే మాత్రం మంచి జడ్జి గారికి కూడా మనసు విరిగిపోతుంది. పిల్లల చేత మాట్లాడించడం. ఒక కేసులో ఐదేళ్ళ పాప చేత "నాన్న బ్యాడ్, నాన్న వద్దు" అని చెప్పించి వీడియో తీసి స్టేటస్ పెట్టారు. కోర్టులో ఆ వీడియో పెట్టినప్పుడు పాప చెప్పడం పూర్తయ్యాక కెమెరా వెనక నుంచి, చాలా మెల్లగా, "ఇంకోసారి చెప్పమ్మా" అని వినిపించింది. ఆ నాలుగు సెకన్లు కత్తిరించడం మర్చిపోయారు. ఆ రోజు దాకా వారానికి రెండు గంటలున్న తండ్రి విజిటింగ్ టైమ్ నెలలో రెండు వీకెండ్లయింది. బాబు ఫోటోలు మీరు ఇప్పటిదాకా పెట్టినవి పెట్టినట్టే ఉండనివ్వండి, కొత్తవి పెట్టకండి, ముఖ్యంగా ఆయన వీడియో కాల్ చేసినప్పుడు స్క్రీన్ రికార్డ్ చేసి ఎక్కడా పెట్టకండి.

ఇంకో మాట, మీరు అడగలేదు కానీ, అడగనివాళ్ళే ఎక్కువ దెబ్బతింటున్నారు. మన దగ్గర యూట్యూబ్ ఛానళ్ళకి భార్యాభర్తల గొడవలంటే పండగ. ఎవరో ఫోన్ చేసి "మీ బాధ ప్రపంచానికి చెప్పండి మేడమ్" అంటారు, మైకు పెడతారు, థంబ్‌నెయిల్ మీద మీ మొహానికి ఎర్ర బాణం గీస్తారు. వెళ్ళకండి. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ విచారణలు తలుపులు వేసుకుని జరగాలి, ఆ విచారణకు సంబంధించిన సంగతులు అచ్చు వేయడం, ప్రచురించడం కుదరదు. జరిమానా వెయ్యి రూపాయలే, 1955లో పెట్టిన మొత్తం అది, దాన్ని చూసి ఎవరూ భయపడరు, నిజమే. భయపడాల్సింది ఇంటర్వ్యూలో మీరు ఆవేశంలో చెప్పే నలభై నిమిషాల మాటలకి. తర్వాత చీఫ్ అఫిడవిట్‌లో, అంటే మీ సాక్ష్యంగా ప్రమాణం చేసి ఇచ్చే కాగితంలో, చెప్పేదానికీ వాటికీ మధ్య తేడాలు ఏరడానికి ఒక జూనియర్‌ని కూర్చోబెడితే చాలు. కోర్టు వరండాలో సెల్ఫీలు, "ఫైట్ బిగిన్స్" అని కోర్టు గేటు ఫోటో, ఇవీ అంతే.

కౌన్సెలింగ్‌కి పిలిచినప్పుడు అక్కడ జరిగేది రికార్డ్ చేయకండి. పెద్దమనుషుల పంచాయితీలో ఎవరైనా వాయిస్ మెసేజ్‌లు పెడితే వాటిని మాత్రం ఉంచండి, "నగలు మా దగ్గరే ఉన్నాయి, పంపిస్తాంలే" లాంటి మాటలు వాటిలోనే దొర్లుతుంటాయి. దొంగ ప్రొఫైల్‌తో ఆయనకి ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టడం మీ కజిన్లలో ఎవరికో ఒకరికి తట్టే ఐడియా, మొగ్గలోనే తుంచేయండి. ఆయన పబ్లిక్‌గా పెట్టుకున్నవి ఎవరైనా చూడొచ్చు, తేదీ, లింకు కనబడేలా దాచుకోవచ్చు, అక్కడితో ఆగాలి. అన్నట్టు ఆయన కూడా మీవి అలాగే చూస్తుంటారు. బ్లాక్ చేసినంత మాత్రాన సరిపోదు, మీ ఫ్రెండ్స్ లిస్టులో ఆయన చిన్ననాటి స్నేహితులు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి.

రేపు ఎప్పుడో కోపాలు చల్లారి మ్యూచువల్‌కి, అంటే ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులకి, వెళ్ళే పరిస్థితి వస్తే, రాజీ పత్రంలో డబ్బు, నగలు, బాబుని చూసే రోజులు రాసుకుని సంతకాలు పెట్టేస్తారు అందరూ. ఇంకో పేరా అడగండి. ఇద్దరి దగ్గరా ఉన్న ఫోటోలు, చాట్లు, రికార్డింగులు ఎవరికీ ఇవ్వకూడదు, ఒకరి గురించి ఒకరు ఆన్‌లైన్‌లో రాయకూడదు, ఉన్న పోస్టులు ఫలానా తేదీలోగా తీసేయాలి అని. ఆ రోజు మీ రీల్ తీసేయొచ్చు, అది ఇద్దరూ ఒప్పుకుని చేసేది కాబట్టి ఎవరూ వేలెత్తి చూపరు.

రేపు లాయరు దగ్గరికి వెళ్ళేటప్పుడు సమన్లు, ఓపీ కాపీ, దాంతో వచ్చిన డాక్యుమెంట్ల లిస్టు, ట్యాబ్, దాని ఛార్జర్, మీ ఫోన్ తీసుకెళ్ళండి. ఆ మూడు స్టేటస్‌లు, రీల్ గురించి ఆయన అడగకముందే మీరే చెప్పండి, ఎందుకు పెట్టారో, ఆ రోజు ఏం జరిగిందో కూడా. వాయిదా రోజు అవతలి వాళ్ళ చేతిలోని కాగితం చూసి మొదటిసారి తెలుసుకునే పరిస్థితి మీ లాయరుకి రానివ్వకండి. ఇంకా టైముంది, కౌంటర్ మొదటి వాయిదాకే వేయాలని లేదు, టైం అడగొచ్చు. మీ తమ్ముడికి మాత్రం ఇప్పుడే ఫోన్ చేయండి, అతను ఈపాటికి ఇంకో కామెంట్ టైప్ చేస్తూ ఉంటాడు.